కదలకూడని షట్టరు

బందరులో ప్రాక్టీసు మానేసి ఇంట్లో కూర్చున్నాక కొత్త లాయర్లు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాఫీ తాగి, "భూమి కేసుల్లో నిలబడాలంటే ఏం చదవాలి మేడమ్?" అని అడుగుతారు. చెప్తాను, రాసుకుని వెళ్తారు. ఆ పని ఎలా ఉంటుందో మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే కాఫీ చల్లారిపోతుందని కాబోలు. అందుకే రాసి పెడుతున్నాను, తీరిక ఉన్నప్పుడు చదువుకోవచ్చు.

ముందుగా ఒక సంగతి. కృష్ణా డెల్టా చివర్లో భూమి కేసు అని మీ దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు నీళ్ల కేసులే. సార్వా పంట నాట్లకి కాలవ నీళ్లు అందలేదని ఏడ్చిన రైతే పంట పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు దిగడం లేదని వస్తాడు. రెండుసార్లూ అదే ఇంజనీరు మీద కోపం, అదే పక్క ఊరి మీద అనుమానం. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒక వానాకాలం నాగాయలంక వైపు మోకాలి లోతు బురదలో నిలబడి చూశాక నవ్వు రావడం మానేసింది.

సొంత సేద్యం

నా సీనియర్ నరసింహమూర్తి గారు. చేరిన రోజున నా ముఖం చూడలేదు, కాళ్లు చూశారు. "ఆ చెప్పులతో గట్ల మీద నడవలేవమ్మా, మార్చుకు రా" అన్నారు. అదే ఇంటర్వ్యూ. ఫైలు చదివే ముందు పొలం చూడాలని ఆయన పట్టుదల. ఎండలో గట్టు మీద నిలబెట్టి, ఈ చేలోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి అని అడిగేవారు. చెప్పలేకపోతే ఆ పూట భోజనం ఆలస్యమయ్యేది. మంచి గురువు. కోపిష్టి కూడా. ఆయన గుమస్తా ఆయన్ని చూసి భయపడటం నేనెప్పుడూ చూడలేదు కానీ, మేమందరం గుమస్తాని చూసి భయపడేవాళ్లం.

ఆయన నేర్పినవాటిలో ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. మా ఆఫీసు నుంచి వెళ్లే ప్రతి దావాలోనూ ఒక వాక్యం ఉండేది: వాది ఈ భూమిని తన సొంత సేద్యంలో ఉంచుకుని అనుభవిస్తున్నాడు. మా ఒక్క ఆఫీసనే కాదు, జిల్లాలో అందరూ రాసేదే. గుడివాడలో సిమెంటు కొట్టు నడిపేవాడిదీ సొంత సేద్యమే. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో ఉండే డాక్టరు గారు మా కాగితాల్లో ఏటా స్వయంగా దమ్ము చేసి నాట్లు వేయించేవారు. నిజానికి ఆయనకి ఆ చేను ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకానో తెలియదు.

"మరి దున్నేవాళ్ల సంగతేంటండీ?" అని ఒకసారి అడిగాను.

"కౌలుదారు పేరు దావాలో పెట్టావనుకో, మన క్లయింటు సాయంత్రానికల్లా ఇంకో లాయరు దగ్గర ఉంటాడు" అన్నారు ఆయన. కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ లాయరు కూడా పెట్టడు" అని కలిపారు.

భూస్వాములందరూ దుర్మార్గులని నేననను. కౌలుదారు పేరు ఒక్కసారి రికార్డుకెక్కితే భూమి చెయ్యి జారిపోతుందన్న భయం ఇక్కడ తాతల నాటిది. దానికి కొంత చరిత్ర ఉంది, ఎక్కువగా పుకారు ఉంది. అయితే ఆ భయం ఖరీదు భయపడేవాళ్లు కట్టడం లేదు. పంట పోతే పరిహారం కాగితం మీద పేరున్నవాడికి వెళ్తుంది. బ్యాంకు అప్పు కూడా అతనికే. ఉప్పునీళ్లు తగిలి చేను ఎర్రబడితే బాధపడే మనిషి పేరు రికార్డులో ఉండదు.

నదిలో పంపకం

కాగితానికీ నేలకీ ఎంత దూరమో నాకు తెలిసొచ్చింది తోట్లవల్లూరు వైపు లంకల్లో. ఇద్దరు అన్నదమ్ములు పంపకం దావా కోసం వచ్చారు. ఆస్తి ఎక్కడుందంటే కృష్ణలో. తండ్రి బతికుండగానే వరదకి కోసుకుపోయి నది కడుపులో పడింది. ఎప్పటికైనా మేట వేసి పైకి లేస్తుందని వాళ్ల నమ్మకం. లేచాక కొట్టుకోవడం కంటే ముందే పంచుకుందామని పెద్దవాడి ఆలోచన. తెలివైన ఆలోచనే. హద్దులు చెప్పమంటే తమ్ముడు తడుముకోకుండా చెప్పాడు: "తూర్పున మా అన్నయ్య వాటా నీళ్లండీ, పడమర నడిగట్టు నీళ్లు."

అలాగే రాశాం. కోర్టు పంపిన కమిషనర్ పడవలో వెళ్లి చూసి, రెండు వాటాలూ సమానంగానే ఉన్నాయని నివేదిక ఇచ్చాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నీళ్ల కింద ఉన్న భూమికి ఇద్దరు యజమానులు, నాలుగు హద్దులు, ఒక డిక్రీ. అదే సమయంలో నేల మీద మొలిచిన వరిని పండించేదెవరో మా దావాల్లో ఉండేది కాదు. నేను ఆ రోజుల్లో దీని గురించి పెద్దగా ఆలోచించలేదు, పని ఎక్కువగా ఉండేది.

రోజుకి రెండుసార్లు కదిలేది

ఇప్పుడు అసలు కేసు. కౌలుదారుకి అప్పు, పరిహారం ఇప్పించే కౌలు కార్డుకి భూమి యజమాని సంతకం కావాలన్న కొత్త చట్టం వచ్చాక జరిగింది, నేను ప్రాక్టీసు మానేయడానికి కొంచెం ముందు.

కోడూరు దాటాక, పాలకాయతిప్ప దారిలో ఒక ఊరు. ఆ ఊరి చేలల్లో మురుగునీరంతా ఒక డ్రెయిన్‌లోకి దిగి సముద్రపు పాయలో కలుస్తుంది. కలిసే చోట ఒక తూము, దానికి ఇనుప షట్టరు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్లు పైకి ఎక్కకుండా షట్టరు దించాలి. పాటు తీసినప్పుడు చేలల్లో నీళ్లు దిగేలా ఎత్తాలి. ఆ హ్యాండిల్ తిప్పడానికి రైతులు ఏసుబాబు అనే మనిషిని పెట్టుకున్నారు. తెల్లారినా పొద్దుగూకినా అతనికి అదే పని.

డ్రెయిన్ పక్కనే రాంబాబు అనే ఆయన రొయ్యల చెరువులు తవ్వాడు. రొయ్యలకి ఉప్పునీళ్లు కావాలి కాబట్టి పోటు మీద షట్టరు ఎత్తి ఉండాలని ఆయన వాదన. దించాలని వరి రైతులు. కలబడి కొట్టుకునే దాకా వచ్చి, రాంబాబు కోర్టుకెక్కాడు. ప్రతివాదులు వరి భూముల యజమానులు. వాళ్లలో పెద్ద గుడివాడలో ఎరువుల షాపున్న ప్రసాదరావు గారు. ఆయన నా క్లయింటు.

రాంబాబు తరఫు లాయరు సత్యనారాయణ గారు, నాకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. పుట్టింది గుడివాడ అవతల. అక్కడ కాలవలో నీళ్లు ఒకే వైపు వెళ్తాయి, వెనక్కి రావు. ఆయన మాకు నోటీసు రాకముందే స్టేటస్ కో తెచ్చుకున్నారు. అంటే తూము ఎలా ఉన్నది అలాగే ఉండాలి, రెండు పక్షాల వాళ్లూ, వాళ్ల మనుషులూ దాన్ని ముట్టుకోకూడదు. ఆర్డరు వచ్చిన వేళకి షట్టరు ఎత్తి ఉంది. నోటీసులు అందించే కోర్టు అమీనా వెళ్లి షట్టరు దిమ్మకి ఆర్డరు అంటించి వచ్చాడు.

రోజుకి రెండుసార్లు కదలడమే పనిగా ఉన్న వస్తువుని చట్టం ఆ విధంగా కదలకుండా నిలబెట్టింది. సముద్రానికి మాత్రం ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

మా కౌంటరు, అంటే జవాబు, దాఖలు చేసి, ఆర్డరు మార్చమని నేను పిటిషన్ వేశాను. అవతలివాళ్లు కౌంటరుకి గడువు అడిగారు, ఇచ్చారు. ఇంతలో దసరా సెలవులొచ్చాయి.

కరుణమ్మ

ప్రసాదరావు గారి చేలల్లో తూముకి దగ్గరగా ఉన్న ముక్కని కరుణమ్మ కౌలుకి చేసేది. భర్తకి నడుం పడిపోయినప్పటి నుంచి చేను ఆమె చేతి మీదే. యాభై దాటిన మనిషి, ఎండుపుల్లలా ఉండేది, మాట మాత్రం మెత్తన. కౌలు కార్డు మీద సంతకం పెట్టమని ప్రసాదరావు గారిని ఏటా అడగడం, ఆయన ఏటా "చూద్దాంలే కరుణమ్మా" అనడం మామూలే. ఈసారి పంట పోతే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా ఆయన చెప్పి ఉన్నాడు. ఆ ముక్క పోతే ఆమెకి ఇంకెక్కడా కౌలు దొరకదు. వయసైన ఆడమనిషికి ఎవరిస్తారు?

మహాలయ అమావాస్య రోజు ఆమె నాకు ఫోన్ చేసింది. "లాయరమ్మ గారండీ, ఆకు కొసలు ఎర్రబడుతున్నాయండీ. ఇన్నాళ్లూ వాన నీళ్లు కలిసి తట్టుకుంది. ఇయ్యాల అమావాస్య పోటు. పైగా వాయుగుండం అంటున్నారు. చేను పొట్ట మీదుందండీ."

వెళ్లాను. కారులోంచి దిగేసరికి సన్నగా జల్లు. తూము దగ్గర ప్రసాదరావు గారూ, రాంబాబూ ఇద్దరూ ఉన్నారు. పక్కపక్కనే నిలబడి ఉన్నారు. అదే వింతగా అనిపించింది. విషయం ఏమిటంటే, ఆ పోటు ఎక్కితే డ్రెయిన్ పొంగి రాంబాబు చెరువు గట్టు మీదుగా వెళ్తుంది, రొయ్యలన్నీ సముద్రంలోకి పోతాయి. ఇప్పుడు షట్టరు దించాలని ఆయనకీ ఉంది. ఊరు మొత్తానికి ఒకే కోరిక, దానికి అడ్డం దిమ్మకంటించిన కాగితం.

సత్యనారాయణ గారికి ఫోన్ చేశాను. "మీవాడు కూడా మూయమంటున్నాడండీ, ఒక్క మాట రాసివ్వండి" అన్నాను.

"రాసివ్వను" అన్నాడాయన. "మావాడి సంగతి నాకు తెలుసు. ఇవాళ మూయమంటాడు, వారం పోయాక మీవాళ్లు మూశారని ధిక్కారం పిటిషన్ వేయమంటాడు. వేసేది నేనే. నీకు మంచి కోరి చెప్తున్నా."

మంచి కోరే చెప్పాడు. సెలవుల్లో అర్జెంటు పనులకి ఒక జడ్జి గారు ఉంటారు, కానీ పిటిషన్ నంబరు పడి వినేలోపు పోటు వచ్చి వెళ్లిపోతుంది. ఏసుబాబు హ్యాండిల్‌కి దూరంగా గొడుగేసుకుని కూర్చున్నాడు. "నేను రైతుల మనిషినే కదండీ, నా మీదకొస్తుందండీ" అన్నాడు. సరిగ్గానే అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. ఆర్డరు రెండు పక్షాలనీ, వాళ్ల మనుషులనీ కట్టేస్తుంది. కరుణమ్మ ఏ పక్షం? ప్రతివాదులు తమ భూమిని సొంత సేద్యం చేసుకుంటున్నారని మా కౌంటరులో నా చేత్తో నేనే రాశాను. అందులో కరుణమ్మ లేదు. పాసుపుస్తకంలో లేదు, కౌలు కార్డు లేదు. చట్టం దృష్టిలో ఆ గట్టు మీద ఆమె దారిన పోయే మనిషి. షట్టరు దించగలిగిన, ఏ పక్షానికీ చెందని మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

ఆమెని పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. తర్వాత ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లి, "దించుతానండి. కార్డు మీద సంతకం పెట్టండయ్యా. ఫారం ఇంట్లోనే ఉంది, తెప్పిస్తాను" అంది.

రాంబాబు ఎగిరి గంతేశాడు. "పెట్టెయ్యి బావా, పెట్టెయ్యి! రొయ్యలు పోతాయి ఇక్కడ!" అన్నాడు. నిన్నటి దాకా కోర్టులో ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోని మనుషులు, ఇప్పుడు బావ.

ప్రసాదరావు గారు నావైపు తిరిగారు. నేను ఆయన లాయరుని. అడిగితే నిజం చెప్పాలి. "ఇప్పుడు సంతకం పెడితే ఆమె మీ కౌలుదారవుతుందండీ. అప్పుడు ఆర్డరు ఆమెకీ వర్తిస్తుంది. దించకూడదు" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. చట్టం మీదో, నా మీదో, ఆ వాన మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"చూశావా కరుణమ్మా, లాయరమ్మ గారే చెప్పారు" అన్నాడాయన, కాస్త తేలికపడి. "ముందు దించు. పండగ వెళ్లగానే పెడతా. మాటంటే మాటే."

ఆమె నన్నడిగింది: "పెడతారంటారా అండీ?"

"పెట్టకపోతే నేను చేయించగలిగింది ఏమీ లేదమ్మా" అన్నాను.

పాయలో నీళ్లు అప్పటికే వెనక్కి తిరిగాయి. తుక్కూ నురగా తూములోంచి చేల వైపు వస్తున్నాయి. కరుణమ్మ కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విడిచి, దిమ్మ ఎక్కింది. హ్యాండిల్ బిగుసుకుపోయి ఉంది. ఏసుబాబు సాయం చేయబోయి, ఆర్డరు గుర్తొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మేమందరం నిలబడి చూశాం. ఎవరూ సాయం చేయడానికి వీల్లేని పక్షాల వాళ్లం మరి. ఆమె ఒక్కతే ఆగి ఆగి తిప్పి, షట్టరు అడుగు దాకా దించింది.

పోటు వచ్చింది, షట్టరు ఆపింది. చేను నిలబడింది. రొయ్యలు కూడా నిలబడ్డాయి. ఆ సంవత్సరం రాంబాబు మా ఇంటికి రొయ్యలు పంపించాడు. అవతలి పార్టీ దగ్గర తీసుకోకూడదని తిప్పి పంపాను. మా ఆయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పండగ తర్వాత

పండగ వెళ్లింది. సంతకం కాలేదు. దసరా తర్వాత దీపావళి అన్నారు. దీపావళి తర్వాత, "పంట చేతికొచ్చింది కదా కరుణమ్మా, ఇంకా కాగితమెందుకు మనలో మనకి?" అన్నారు. నేను రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. రెండోసారి, "మీరు నా లాయరా, ఆవిడ లాయరా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ల ముందే ఎవరైనా అడిగి ఉండాల్సింది.

కేసు పిలిచే రోజు కరుణమ్మ కోర్టుకొచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. వరండాలోనే ఆమెకి చెప్పాను: "నువ్వేమీ మాట్లాడకు. కౌలుదారునని నోరు జారావంటే ఆర్డరు నీకూ అంటుకుంటుంది. జరిమానా పడొచ్చు, జైలు కూడా పడొచ్చు. పేరు లేకపోవడమే నీకు రక్ష." తలూపింది. అర్థమైందనుకున్నాను.

జడ్జి గారు చిన్నవయసాయన. అమావాస్య మర్నాడు అమీనా మళ్లీ వెళ్లి రాసిన రిపోర్టు చూసి, "ఎత్తి ఉండాల్సిన షట్టరు దించి ఉంది. ఎవరు దించారు?" అన్నారు.

"గుర్తు తెలియని వ్యక్తి ఎవరో అండీ" అన్నారు సత్యనారాయణ గారు.

"మా ప్రతివాదులెవరూ ముట్టుకోలేదండీ" అన్నాను నేను. నిజమే కదా. ఆ కేసులో రెండు పక్షాలూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

జడ్జి గారు రాయించబోతుంటే వెనక బెంచీ కదిలిన చప్పుడైంది.

"నేను దించానండీ."

కోర్టు డఫేదారు కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు జడ్జి గారు.

"కరుణమ్మనండీ. ప్రసాదరావు గారి చేను కౌలుకి చేస్తానండీ. తూము పక్క ముక్క. ఎనిమిదో ఏడు."

"కోర్టు ఆర్డరు ఉందని తెలిసే దించావా?"

"తెలుసండీ."

"శిక్ష పడొచ్చని తెలుసా?"

"లాయరమ్మ గారు చెప్పారండీ. మాట్లాడొద్దని కూడా చెప్పారండీ."

కోర్టంతా నావైపు చూసింది. జడ్జి గారు మాత్రం చూడలేదు, అందుకు ఆయనకి ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఆయన ప్రసాదరావు గారి వైపు తిరిగి, "ఈమె మీ కౌలుదారా?" అని అడిగారు.

కాదంటే, కోర్టు గుమ్మంలో నిజం తెలిసిన ఊరి జనం సగం మంది ఉన్నారు. అవునంటే, ఆ మాట ఇక వెనక్కి రాదు. ప్రసాదరావు గారు నావైపు చూశారు. ఆయన కళ్లలో ప్రశ్న నాకు స్పష్టంగా కనపడింది. నేను నా ఫైలు చూసుకోవడం మొదలుపెట్టాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

"అవునండీ" అన్నారాయన. "మా కౌలుదారే."

ఇన్నేళ్లలో నా క్లయింటు నోటి నుంచి ఆ మాట కోర్టులో వినడం అదే మొదలు, నేను ఏ దావాలోనూ రాయని మాట మరి.

జడ్జి గారు పెన్నుకి మూత పెట్టారు. తర్వాత స్టెనోకి చెప్పడం మొదలుపెట్టారు. స్టేటస్ కో మారుస్తున్నాం, షట్టరు పోటుపాట్లని బట్టి దించాలి, ఎత్తాలి. దించడం వల్ల రెండు పక్షాలకీ మేలే జరిగింది గనక చర్య అక్కర్లేదు. దించిన వ్యక్తి, ప్రతివాది భూమిని ఎనిమిదేళ్లుగా కౌలుకి సాగు చేస్తున్న కరుణమ్మ.

స్టెనో వేళ్లు ఆగాయి. కరుణమ్మ ఇంకా నిలబడే ఉంది.

"ఇంకేంటమ్మా?" అన్నారు జడ్జి గారు.

"ఇంటిపేరుతో సహా రాయించండయ్యా" అంది కరుణమ్మ. "మా ఊళ్లో ముగ్గురు కరుణమ్మలమున్నాం."